ఇల్లు రాసిస్తే చూసుకుంటారా?

హనుమకొండ నుంచి ఒక తల్లి రాసిన తొమ్మిది పేజీల ఉత్తరానికి ఈసారి సమాధానం. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలు పక్కన పెట్టి, ఆమె చెప్పిన విషయాన్ని ముందుగా క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమె ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో పనిచేసి నిరుడు రిటైరయ్యారు. ఇప్పుడు వయసు 62. భర్త మూడేళ్ల కింద గుండెపోటుతో చనిపోయారు. అత్తమామలు అంతకు ఎంతో ముందే పోయారు. ముగ్గురు పిల్లల్లో పెద్దబ్బాయికి 34 ఏళ్లు. పుట్టుకతోనే మేధో వైకల్యం, దానికి తోడు కొంత ఆటిజం. ప్రభుత్వం ఇచ్చే సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌లో వైకల్యం 75 శాతం అని రాశారు. అమ్మాయి కరీంనగర్‌లో అత్తవారింట్లో ఉంటుంది. చిన్నబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, రెండేళ్ల కింద పెళ్లయింది. ఉన్న ఆస్తి 165 గజాల్లో భర్త తన సంపాదనతో కట్టిన ఇల్లు, పైన కిరాయికిచ్చే ఒక పోర్షన్, రిటైర్మెంట్ డబ్బుల్లో బ్యాంకులో వేసుకున్న డిపాజిట్. ఇల్లు ఇప్పటికీ భర్త పేరు మీదే ఉందట, వీలునామా ఏదీ లేదట.

పెద్దబ్బాయి రోజూ తెల్లవారి ఐదున్నరకు పాల క్యాను పట్టుకుని వీధి చివరి పాలకేంద్రానికి వెళ్తాడు. తిరిగి వచ్చేటప్పుడు టిఫిన్ సెంటరు ముందు ప్లాస్టిక్ స్టూళ్లు దించి వరుసగా పెడతాడు, ఆ యజమాని రెండు ఇడ్లీలు చేతిలో పెడతాడు. బతుకమ్మ పండుగకు పద్మాక్షి గుట్ట దాకా వెళ్లే వాడకట్టు ఆడవాళ్లకు బరువైన బతుకమ్మలను ఆటోలోకి ఎక్కించేది ఇతనే. అయితే అప్పుడప్పుడు రాత్రిపూట గట్టిగా అరుస్తాడు. ఆ అరుపులు భరించలేమని పై పోర్షన్ వాళ్లు పోయిన ఎండాకాలంలో ఖాళీ చేసి వెళ్లిపోయారు, ఆ తర్వాత ఎవరూ రాలేదు.

ఇప్పుడు ఆ తల్లి ముందు మూడు ప్రతిపాదనలున్నాయి. "ఇల్లు మా పిల్లగాని పేరు మీద చెయ్యి వదినె, పెద్దోని బాధ్యత మేం చూసుకుంటం" అని మరిది అంటున్నాడు. ఇల్లు అమ్మి, ఆ డబ్బుతో హైదరాబాద్‌లో పెద్ద ఫ్లాట్ కొందాం, అందరం కలిసి ఉందాం అని చిన్నబ్బాయి అంటున్నాడు. ఊరి శివారులోని ఒక ఆశ్రమం వాళ్లు 15 లక్షలు డిపాజిట్ కడితే జీవితాంతం ఉంచుకుంటామన్నారు. అమ్మాయి కూడా "నేను తీసుకుపోతా అమ్మా" అంటుంది కానీ, ఆ మాట అనేటప్పుడు ఫోనులో గొంతు తగ్గిస్తుందట. "ఇల్లు ఎవరికి రాస్తే మా వాణ్ని చివరిదాకా చూసుకుంటారో మీరే చెప్పండి, దసరాకు మా మరిది జవాబు అడుగుతున్నాడు" అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరంలో మూడు వేర్వేరు విషయాలు ఒకే ముడి పడ్డాయి. మీ తర్వాత మీ అబ్బాయి ఎక్కడ ఉంటాడన్నది ఒకటి. రోజువారీగా అతనికి ఎవరు తోడుగా ఉండి పనుల్లో సాయం చేస్తారన్నది ఇంకొకటి. అతని డబ్బు, ఆస్తి, వైద్యం లాంటి విషయాల్లో అతని తరఫున ఎవరు సంతకం పెడతారన్నది మూడోది. ఈ మూడింటికీ మీరు ఒకే మనిషిని వెతుకుతున్నారు, ఆ మనిషికి ప్రతిఫలంగా ఇంటిని ఇవ్వాలనుకుంటున్నారు. నా అభిప్రాయం దీనికి సరిగ్గా ఎదురుగా ఉంది: ఈ మూడు పనులనూ వేర్వేరు మనుషుల చేతుల్లో పెట్టాలి, ఇంటిని మాత్రం ఎవరికీ కూలిగా ఇవ్వకూడదు. ఎందుకో చెబుతాను. మీరు మీ అబ్బాయిని "వాడు" అని రాశారు, అందులో తల్లి ప్రేమ ఉంది. నేను మాత్రం "అతను" అంటాను. 34 ఏళ్ల మనిషి గురించి మాట్లాడుతున్నామన్న సంగతి మనిద్దరికీ గుర్తుండాలని.

ముందు మీరు గమనించని ఒక విషయం. మీ వారు వీలునామా రాయకుండా పోయారు, ఇల్లు ఆయన స్వార్జితం. కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఇంట్లో మీకు, మీ ముగ్గురు పిల్లలకు సమానంగా నాలుగు వాటాలు ఏర్పడ్డాయి. అదే చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం జబ్బు వల్లగానీ, వైకల్యం వల్లగానీ ఎవరికీ వారసత్వపు హక్కు పోదు. అంటే మీ పెద్దబ్బాయి ఇప్పటికే ఆ ఇంటికి నాలుగో వంతు ఓనరు. మీ మరిదికి మీరు రాసివ్వగలిగింది, ఇష్టమైతే, మీ నాలుగో వంతు మాత్రమే. చిన్నబ్బాయి అన్నట్టు ఇల్లంతా అమ్మాలన్నా మీ సంతకం, ఇద్దరు పిల్లల సంతకాలు సరిపోవు. పెద్దబ్బాయి తరఫున సంతకం పెట్టేందుకు చట్టబద్ధంగా నియమితుడైన సంరక్షకుడు కావాలి, వచ్చిన డబ్బులో అతని వాటాకు లెక్క ఉండాలి. ఇన్నాళ్లూ అతన్ని ఎవరి ఇంట్లో పెట్టాలా అని మీరు నిద్ర మానుకున్నారు. అతనికి ఇల్లుంది. అక్కడి నుంచి ఆలోచన మొదలుపెడదాం.

ఇక మీ మరిది మాట. ఆయన మనసులో చెడ్డ ఉద్దేశం ఉందని నేను అనడం లేదు, మీ ఉత్తరంలోనూ అలాంటి సూచన ఏదీ లేదు. కానీ ఆయన మాట ఇస్తున్నది తన కొడుకు తరఫున. ఆ అబ్బాయికి ఇంకా పెళ్లి కాలేదని రాశారు. రేపు వచ్చే కోడలిని ఈ ఒప్పందం గురించి ఎవరూ అడగలేదు, ఆ అబ్బాయి ఉద్యోగం కోసం ఏ ఊరు వెళ్తాడో ఎవరికీ తెలియదు. ఒకసారి రిజిస్టరైన గిఫ్ట్ డీడ్‌ను (దానపత్రాన్ని) మనకు మనమే రద్దు చేసుకోవడం కుదరదు. "చూసుకోకపోతే ఆర్డీఓ దగ్గరికి పోయి వెనక్కి తీసుకోవచ్చట కదా" అని మీరు రాశారు. అది 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ గురించి విన్న మాట. ఆ సెక్షన్ కాపాడేది ఆస్తి రాసిచ్చిన వృద్ధులను. తనను చూసుకోవాలన్న షరతు మీద ఇస్తే, చూసుకోనప్పుడు ఆ బదిలీని చెల్లకుండా చేయమని వాళ్లు అడగవచ్చు. మీరు లేని రోజున మీ అబ్బాయికి అన్నం పెట్టకపోతే ఆ సెక్షన్ అతనికి అక్కరకు రాదు. మీకు ఏ కాలంలో రక్షణ కావాలో, సరిగ్గా ఆ కాలంలో అది ఉండదు.

చుట్టాల మధ్య వంతులేసుకునే పద్ధతి గురించి కూడా మీరు ఒక చోట అడిగారు: అమ్మాయి దగ్గర కొన్నాళ్లు, చిన్నబ్బాయి దగ్గర కొన్నాళ్లు అని. ఇది నేను దగ్గరి నుంచి చూసిన విషయం. మా మేనత్తకు ఇలాంటి కొడుకే ఉండేవాడు, వరసకు నాకు బావ. మేనత్త పోయాక జగిత్యాలలో నాలుగు నెలలు, నిజామాబాద్‌లో నాలుగు నెలలు, మంచిర్యాలలో నాలుగు నెలలు అని తోబుట్టువులు వంతులు వేసుకున్నారు. ఎవరూ చెడ్డవాళ్లు కారు, ఎవరూ తిండికి తక్కువ చేయలేదు. కానీ ప్రతి ఇంట్లోనూ మరుగుదొడ్డి ఏ వైపు ఉందో, ఏ స్విచ్ నొక్కితే ఏ లైటు వెలుగుతుందో అతను నేర్చుకునేలోపు వంతు అయిపోయేది. కొన్నేళ్లకు అతను తన బట్టల సంచిని విప్పడమే మానేశాడు. రాత్రి దాన్నే తల కింద పెట్టుకుని పడుకునేవాడు. నేను వెళ్లినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని "ఇప్పుడు ఏడికి?" అని అడిగేవాడు. ఆ ముగ్గురిళ్లకూ అద్దె లేదు, ఖర్చూ పెద్దగా లేదు, కానీ అతనికి ఇల్లు లేకుండా పోయింది. మీరు వంతుల దారిలో వెళ్లవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

చిన్నబ్బాయి చెప్పేదాంట్లో మంచి కొంత ఉంది. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, వైద్యం, శిక్షణ దగ్గరవుతాయి, మీ వృద్ధాప్యంలో మీకూ ఒక కొడుకు పక్కన ఉంటాడు. కానీ మీరే ఉత్తరంలో ఒక సంగతి రాశారు, బహుశా దాని బరువు మీకు తెలియకుండానే. పోయిన సంక్రాంతికి పది రోజులు అక్కడ ఉన్నప్పుడు, అతను రోజూ ఐదున్నరకు లేచి, వంటింట్లో దొరికిన ఏదో స్టీలు డబ్బా పట్టుకుని, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడేవాడని రాశారు. వాచ్‌మన్ బయటికి పోనిచ్చేవాడు కాదు. పదో రోజున కూడా నిలబడ్డాడు. అతన్ని ఎవరూ అడగలేదని మీరు అనుకుంటున్నారు, కానీ అతను పది రోజులు వరుసగా జవాబు చెప్పాడు. అక్కడ అతనికి గది ఉంది, పాలకేంద్రం లేదు, స్టూళ్లు లేవు, పేరు పెట్టి పిలిచే టిఫిన్ సెంటరు మనిషి లేడు. హనుమకొండలో ఆ అరకిలోమీటరు వీధి అతనికి ముప్పై ఏళ్లలో తయారైంది, దాన్ని ఫ్లాట్‌తో పాటు కొనుక్కోలేం. అంతేకాదు, ఇంటి సొమ్ము చిన్నబ్బాయి ఫ్లాట్‌లో, అతని బ్యాంకు లోనులో కలిసిపోయాక, అందులో అన్న వాటా ఏదో విడదీసి చూపడం రేపు ఎవరికీ సాధ్యం కాదు. మీ కోడలి మాట ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆమెను నేరుగా, మీ అబ్బాయి పక్కన లేనప్పుడు, ఒకసారి అడగండి. ఈ దారి మీకు నచ్చితే ఇల్లు అమ్మకుండా, కిరాయికిచ్చి, ఆరు నెలలు అక్కడ ఉండి చూడండి. తిరిగి వచ్చే చోటు ఉంచుకుని వెళ్లడం వేరు, తెంచుకుని వెళ్లడం వేరు.

ఆశ్రమం విషయానికి వస్తే, అలాంటి చోట్లన్నీ ఒక్కలాంటివి కావు, కొన్నింటిలో నిజంగా ప్రేమగా చూసుకునే మనుషులున్నారు. కానీ డబ్బు కట్టే ముందు కొన్ని సంగతులు తేల్చుకోవాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇలాంటి సంస్థ ఏదైనా ప్రభుత్వం దగ్గర రిజిస్టరై ఉండాలి, ఆ పత్రం చూపమనండి. సంస్థ మూతపడితే డిపాజిట్ ఎలా తిరిగి వస్తుందో, మీ అబ్బాయి అక్కడ ఇమడలేకపోతే ఎంత కోసుకుని ఎంత ఇస్తారో రాతలో తీసుకోండి. చెప్పకుండా, భోజనం వేళకు వెళ్లండి. బట్టలు ఆరేసిన తీగ చూడండి: ఎవరి బట్టలు వాళ్లకే తిరిగి వెళ్తున్నాయా, లేక కుప్పలోంచి చేతికొచ్చింది తొడుగుతున్నారా అన్నది అక్కడే తెలుస్తుంది. స్నానాల గదులకు తలుపులూ గడియలూ ఉన్నాయా, ప్రతి మనిషికీ తన సొంత సామాను పెట్టుకునే అర ఉందా, గేటు దాటి దుకాణానికి వెళ్లివచ్చే అవకాశం ఎవరికైనా ఉందా చూడండి. అదే చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్న మనిషికి అందరి మధ్య బతికే హక్కు ఉంది, ఫలానా చోటే ఉండాలని అతన్ని ఎవరూ నిర్బంధించలేరు. తాళం వేసిన గేటు వెనక కడుపు నిండడాన్నే మనం భద్రత అనుకోవడం మానుకోవాలి. ఇది నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు మీ ఉత్తరంలో లేని నాలుగో దారి. అతను ఆ ఇంట్లోనే, ఆ వీధిలోనే ఉండడం. మీరు ఓపికగా ఉన్న ఈ పదేళ్లలో అందుకు కావలసిన మనుషులనూ అలవాట్లనూ కూడగట్టడం. దీన్ని కొన్నిచోట్ల గ్రూప్ హోమ్ అంటారు. సికింద్రాబాద్‌లోని స్వయంకృషి సంస్థ మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ల కోసం ఇలాంటి ఇళ్లు నడుపుతోంది, ఒకసారి వెళ్లి చూసి రండి. మేధో వైకల్యం, ఆటిజం లాంటివి ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నేషనల్ ట్రస్టు అనే సంస్థకు కూడా పెద్దవాళ్లకు జీవితకాలపు వసతి కోసం సమర్థ్-కమ్-ఘరౌందా అనే పథకం ఉంది, రిజిస్టరైన సంస్థల ద్వారా అమలవుతుంది. గ్రూప్ హోమ్ పద్ధతి తేలికగా అర్థమవుతుంది: మామూలు కాలనీలో మామూలు ఇల్లు, అందులో ముగ్గురు లేదా నలుగురు, వాళ్లకు తోడుగా జీతం మీద ఉండే సహాయకులు, పైన కనిపెట్టి చూసే కుటుంబాలు.

ఇందులో అసలు ఖర్చు గోడలది కాదు, మనుషులది. మీకు గోడలు ఇప్పటికే ఉన్నాయి. రోజుకు 24 గంటలు ఒకే మనిషి తోడుగా ఉండలేరు; రాత్రికి ఒకరు, పగటికి ఒకరు, వాళ్లు సెలవు పెట్టిన రోజుకు ఇంకొకరు కావాలి. ఒక్కొక్కరికి నెలకు 15 వేలు అనుకున్నా, ఇద్దరికే 30 వేలవుతుంది. ఒక్క కుటుంబానికి అది జీవితాంతం మోయలేని బరువు. అదే ఇలాంటి ముగ్గురి కుటుంబాలు కలిసి పంచుకుంటే తలా పదివేలు. కింద మూడు గదులున్నాయని రాశారు. మీ పై పోర్షన్‌కు కిరాయిదారులు రావడం లేదని బాధపడుతున్నారు కదా, ముందు మీరే పైకి మారి, కింద మీ అబ్బాయితో పాటు ఇంకో ఇద్దరికి చోటివ్వడం గురించి ఆలోచించండి. ఆ ఇద్దరి కుటుంబాలు ఇచ్చే కిరాయి మీ అబ్బాయి వాటా ఖర్చుకు పోతుంది.

ఈ దారిలో కష్టాలు కూడా చెప్పాలి, లేకపోతే మిమ్మల్ని మభ్యపెట్టినట్టవుతుంది. మీలాంటి ఆలోచన ఉన్న ఇంకో ఇద్దరు తల్లిదండ్రులు దొరకడానికే ఏడాది, రెండేళ్లు పట్టవచ్చు. మీ అబ్బాయి చదివిన స్పెషల్ స్కూలు వాళ్లను, సర్టిఫికెట్ల కోసం ఆస్పత్రుల్లో ఎదురుచూసేటప్పుడు పరిచయమైన కుటుంబాలను అడగడంతో మొదలుపెట్టాలి. ముగ్గురికీ ఒకరితో ఒకరికి పడకపోవచ్చు. జీతానికి పెట్టుకున్న మనిషి మంచిగా ఉంటాడన్న హామీ లేదు. మాటల్లో చెప్పుకోలేని మనిషిని ఒక్క సహాయకుడి చేతిలో, ఎవరూ చూడని ఇంట్లో వదలడం అన్నిటికంటే ప్రమాదం. అందుకే రోజూ ఇంట్లోకి వచ్చిపోయే బయటి కళ్లు కావాలి. పాలకేంద్రం, టిఫిన్ సెంటరు, ఎదురింటి వాళ్లు అతని భద్రతలో భాగమని నేను అంటున్నది ఇందుకే. ఐదున్నరకు అతను రాకపోతే "ఏమైంది, పెద్దోడు రాలేదు?" అని ఎవరో ఒకరు తలుపు కొట్టే వీధి అది. శివారు ఆశ్రమంలోనూ, ఇరవై అంతస్తుల టవర్‌లోనూ ఆ తలుపు కొట్టే మనిషి ఉండరు.

డబ్బు సంగతి. మీరు పాత పెన్షన్ పద్ధతిలో రిటైరయ్యారు. సొంతంగా సంపాదించుకోలేని వైకల్యం ఉన్న కొడుకుకు, కూతురికి, తల్లిదండ్రుల తర్వాత కుటుంబ పింఛను జీవితాంతం వచ్చే నిబంధన ఉంది. అది సాధారణంగా చివరి మూలవేతనంలో 30 శాతం, దానిపై కరువు భత్యం. మీ పింఛను కాగితాల్లో అతని పేరు, వైకల్యం వివరం నమోదై ఉన్నాయా? మీరు ఎక్కడా రాయలేదు. మీరు బతికి ఉండగా ఒక దరఖాస్తుతో, వైద్య ధ్రువపత్రంతో అయ్యే ఈ పనికి, మీ తర్వాత పిల్లలు ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తుంది. ఈ మొత్తం ఉత్తరంలో మీరు వచ్చే వారమే చేయవలసింది ఏదైనా ఉంటే అది ఇదే. దీంతో పాటు నేషనల్ ట్రస్టు నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంది, చేరేందుకు ముందస్తు వైద్య పరీక్షలు అడగరు. అది లేకపోతే తీసుకోండి.

సంతకం పెట్టే మనిషి గురించి. 18 ఏళ్లు నిండిన బిడ్డకు, తల్లే అయినా, చట్టం దృష్టిలో తనంతట తానే సంరక్షకురాలు కాదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద ప్రతి జిల్లాలో కలెక్టరుతో కూడిన స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. తల్లిదండ్రులు గానీ, బంధువులు గానీ అక్కడ దరఖాస్తు చేసుకుంటే, అసలు సంరక్షకుడు అవసరమా, అవసరమైతే ఏయే విషయాలకు అన్నది చూసి నియమిస్తారు. నియమితులైనవారు ఆరు నెలల్లోపు ఆస్తి జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి. నిర్లక్ష్యం చేసినా, ఆస్తి తినేసినా బంధువుల ఫిర్యాదు మీద తొలగించవచ్చు. ఇప్పుడు మీరు దరఖాస్తు చేయండి. మీ తర్వాత ఆ స్థానానికి మీ అమ్మాయి తగినదని నాకు మీ ఉత్తరం చదివితే అనిపించింది. ఆమె గొంతు తగ్గించి మాట్లాడేది అన్న మీద ప్రేమ లేక కాదు, అత్తవారింటికి అతన్ని తెస్తానని చెప్పే స్వేచ్ఛ లేక. ఆ భారం ఆమె మీద పెట్టకండి. అన్నను తన ఇంట్లో పెట్టుకోకుండానే, కరీంనగర్ నుంచి రెండు వారాలకోసారి వచ్చి, లెక్కలు చూసి, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒంటి మీద దెబ్బలేమైనా ఉన్నాయా చూసి వెళ్లే మనిషిగా ఉండమనండి. ఆ మాట ఆమె గొంతు తగ్గించకుండా అనగలదు.

ఇంటి విషయంలో రెండు మార్గాలున్నాయి. ఒకటి, మీ వాటాను పెద్దబ్బాయికి చెందేలా వీలునామా రాయడం. ఇది తేలిక: ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిది, బతికున్నంత కాలం మార్చుకోవచ్చు. అయితే మీ తర్వాతే అమల్లోకి వస్తుంది, ఇంటిని నడిపే ఏర్పాటు ఏదీ అందులో ఉండదు. రెండోది, 1882 నాటి ట్రస్టుల చట్టం కింద ఒక కుటుంబ ట్రస్టు. ఇంటిని అతను బతికున్నంత కాలం అతని నివాసానికే వాడాలని, దాన్ని నడిపే బాధ్యులుగా (ట్రస్టీలుగా) అమ్మాయి, చిన్నబ్బాయి, బయటి మనిషి ఒకరు ఉండాలని రాసి రిజిస్టరు చేయడం. బయటి మనిషి తప్పకుండా ఉండాలి. ఇందుకు మిగతా ఇద్దరు పిల్లలు తమ నాలుగో వంతులను విడిచిపెట్టాలి. వాళ్లకూ సంసారాలున్నాయి, అది వాళ్ల హక్కు, కాబట్టి ఒత్తిడి చేయకుండా అడగండి, కాదంటే మీ డిపాజిట్‌లోంచి సర్దడం ఆలోచించండి. పెద్దబ్బాయి సొంత వాటాను ట్రస్టులోకి తేవాలంటే మళ్లీ సంరక్షకుడే కావాలి, కనుక కమిటీ పని ముందు, ట్రస్టు పని తర్వాత. ఇంకో సున్నితమైన విషయం: అతని తర్వాత ఆ ఇల్లు ఎవరికి చెందాలో కూడా రాయాలి. రోజూ అతన్ని చూసుకునే మనిషికే అది చెందేలా రాయకండి. లాయరు ఫీజు గురించి బెంగపడకండి; 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం వైకల్యం ఉన్నవాళ్లకు, మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

ఇక కాగితాలతో సంబంధం లేని మాట ఒకటి. ఇప్పటికీ ప్రతి ఆదివారం మీరే అతనికి గడ్డం గీస్తారని, అన్నం మీరే కలిపి పెడతారని రాశారు. అది చదివి నా కళ్లు చెమర్చాయి, కానీ మీతో నిజం చెప్పాలి. పాల క్యాను నింపుకుని, చిల్లర లెక్క తప్పకుండా తెచ్చే మనిషి తన అన్నం తాను కలుపుకోగలడు. మీరు చేస్తే రెండు నిమిషాలు, అతను చేస్తే ఇరవై నిమిషాలు, కింద పడేది సగం. ఆ ఇరవై నిమిషాలు ఓర్చుకోండి. ఎలక్ట్రిక్ ట్రిమ్మర్‌తో గడ్డం తీసుకోవడం, లోపలి గడియ వేసి తీయడం, రైస్ కుక్కర్ మీట నొక్కడం, ఒక రాత్రి మీరు లేకుండా పడుకోవడం, ఇవి వచ్చిన మేరకు రేపు అతనికి కావలసిన తోడు ఖర్చూ తగ్గుతుంది, పరాయి చేతుల మీద ఆధారమూ తగ్గుతుంది. మొదటి రాత్రి మీరు మీ పై పోర్షన్‌లోనే పడుకోండి. ఆ తర్వాత కరీంనగర్ వెళ్లి ఒక రాత్రి ఉండి రండి.

రాత్రి అరుపుల గురించి రెండు మాటలు. ముందు డాక్టరుకు చూపించండి. పంటి నొప్పి, మలబద్ధకం, నిద్ర సమస్య, మూర్ఛ లాంటివి మాటల్లో చెప్పలేనివాళ్లలో అరుపులుగానే బయటపడవచ్చు. ఇరుగుపొరుగుకు చట్టం సెక్షన్లు చెప్పి లాభం లేదు. ఎదురింటికి, పక్కింటికి మీరే వెళ్లి, అతను ఎందుకు అరుస్తాడో, ఆ సమయంలో ఏం చేస్తే తగ్గుతాడో, ఎవరికి ఫోను చేయాలో చెప్పి రండి. భయం తెలియనితనం నుంచే ఎక్కువగా వస్తుంది.

సొంత ఇల్లు లేక ఇదే బాధ పడుతున్న తల్లులు ఈ జవాబు చదువుతుంటే, వాళ్ల కోసం ఒక్క విషయం. 2016 చట్టం 37వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గృహ పథకాలన్నింటిలో 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవాళ్లకు 5 శాతం వాటా ఉండాలి, అందులోనూ మహిళలకు ప్రాధాన్యం. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సొంత జాగా ఉన్న పేదలకు 5 లక్షల సాయం ఇస్తున్నారు. దరఖాస్తులో ఇంట్లో వైకల్యం ఉన్న మనిషి ఉన్నట్టు సర్టిఫికెట్ జతచేసి రాయండి, జాబితాలో పేరు లేకపోతే ఈ సెక్షన్ పేరెత్తి ప్రజావాణిలో రాతపూర్వకంగా అడగండి.

చివరికి, దసరాకు మరిదికి ఏం చెప్పాలన్న మీ ప్రశ్న. ఆయనతో బంధం తెంచుకోవలసిన అవసరం లేదు. ఒకే ఊళ్లో ఉన్న చిన్నాన్న మీ అబ్బాయికి కావలసిన మనిషే. మీ భాషలో మీరు చెప్పుకోండి గానీ, విషయం ఇలా ఉండవచ్చు: "ఇల్లు నా ఒక్కదానిది కాదు, అందులో పెద్దోనికీ వాటా ఉంది, అది రాసిచ్చే హక్కు నాకు లేదు. వాడు ఆ ఇంట్లోనే ఉండేటట్టు ఏర్పాటు చేస్తున్న. నువ్వు మాత్రం ప్రతి ఆదివారం ఒక గంట వచ్చి వాణ్ని బయట తిప్పుకొని రా, నీ కొడుకును కూడా వెంట తీసుకురా." ఇల్లు లేకుండా ఆ గంట ఇవ్వడానికి ఆయన ఒప్పుకుంటాడో లేదో దసరా దాటిన నాలుగైదు ఆదివారాల్లో మీకు తెలిసిపోతుంది. ఒప్పుకుంటే, ట్రస్టుకు కావలసిన మూడో మనిషి గురించి ఆలోచించేటప్పుడు ఆయన పేరు కూడా ముందు పెట్టుకోండి. ఏమన్నాడో నాకు రాయండి. పింఛను కాగితాల్లో పెద్దబ్బాయి పేరు ఉందో లేదో కూడా అదే ఉత్తరంలో రాయండి.